క్రొయేషియా వెళ్తున్నారా? ముందు ఏ భాష, తర్వాత ఏ భాష

క్రొయేషియా 2021లో విదేశీ కార్మికుల కోటా పద్ధతి ఎత్తేసింది. 2023 జనవరి 1న యూరో కరెన్సీ, సరిహద్దు తనిఖీలు లేకుండా యూరప్ దేశాల మధ్య తిరిగే షెంగెన్ సభ్యత్వం, రెండూ ఒకేరోజు వచ్చాయి. హోటళ్లు, బిల్డింగ్ పనులు, డెలివరీ, గోడౌన్లు, ఇలా మనుషులు కావాల్సిన చోట్లకి నేపాల్, ఫిలిప్పీన్స్, భారత్ నుంచి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. వెళ్లేముందు వీసా గురించీ జీతం గురించీ వంద ప్రశ్నలు అడుగుతాం. భాష దగ్గరికొచ్చేసరికి "ఇంగ్లిష్‌తో నడిచిపోతుందిలే" అని వదిలేస్తాం. నాలుగు రోజులు చూసొచ్చేవాళ్లకి నిజంగానే నడిచిపోతుంది. అక్కడే ఉండి బతుకు వెళ్లదీయాలంటే నడవదు.

పైగా అక్కడ వినిపించేది ఒక్క క్రొయేషియనే కాదు. ఊరిని బట్టి ఇటాలియన్, సెర్బియన్, హంగేరియన్, చెక్, స్లోవాక్, రూసిన్, రోమానీ ఉంటాయి. వీటిలో దేనిమీద టైమ్ పెట్టాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి భాష విషయంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు, అది క్రొయేషియనే. ఎంపిక ఉన్నదల్లా రెండో భాష దగ్గర. ఆ రెండోదాన్ని ఉపయోగం లెక్కలతో కాకుండా, మీ ఇంటి పక్కవాళ్లు ఏం మాట్లాడతారో చూసి ఎంచుకోండి. దేశం మొత్తానికి సరిపోయే రెండో భాష అక్కడ లేదు. తీరంలో పనికొచ్చేది తూర్పు మైదానంలో పనికిరాదు.

క్రొయేషియన్: తప్పనిది, భయపడాల్సింది కానిది

2021 జనాభా లెక్కల్లో దేశ జనాభా 38 లక్షల 70 వేల పైచిలుకు. అందులో 95 శాతం మంది తమ మాతృభాష క్రొయేషియన్ అని రాయించుకున్నారు. 2013 జులై 1న దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ఇది ఆ కూటమికి 24వ అధికార భాష అయింది. శాశ్వత నివాసం కావాలంటే క్రొయేషియన్ భాషా లాటిన్ లిపీ వచ్చని పరీక్షలో చూపించాలి. పౌరసత్వానికీ అంతే. ఉద్యోగ ఒప్పందం, అద్దె కాగితం, ఆస్పత్రిలో సంతకం పెట్టమని ఇచ్చే ఫారం, అన్నీ ఈ భాషలోనే ఉంటాయి. కాగితంలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టే పరిస్థితి ఎవరికీ రాకూడదు. క్రొయేషియన్ నేర్చుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

తెలుగువాళ్లకి దీనిలో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. 19వ శతాబ్దంలో ల్యుదెవిత్ గాయ్ సంస్కరించిన లిపే నేటికీ పునాది. 30 అక్షరాలు. రాసినట్టే పలకడం, పలికినట్టే రాయడం. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో పడ్డ కష్టం ఇక్కడ ఉండదు. వాళ్ల 'సి' అక్షరం ధ్వని మనం చాప, చుక్క, చాలు అన్నప్పుడు పలికే దంత్య చకారం. ఆ ధ్వని పదం మొదట్లో వస్తే ఇంగ్లిష్ వాళ్లు తడబడతారు, మనకది పుట్టుకతో వచ్చింది. అచ్చు తోడు లేకుండా 'ర' ఒక్కటే నిలబడే పదాలూ ఉన్నాయి. క్ర్క్ అనేది ఒక ద్వీపం పేరు, త్ర్గ్ అంటే ఊరి నడిబొడ్డు చౌరస్తా. చిన్నప్పుడు 'ఋ' అచ్చు అని ఎందుకు చెప్పారో ఈ పదాలు పలికినప్పుడు బోధపడుతుంది. 'చ'లో రెండు రకాలున్నాయి, ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది. వాటి గురించి టెన్షన్ వద్దు, క్రొయేషియన్లలోనే చాలామంది తేడా చూపించరు. మనకి లేని ధ్వని ఒకటుంది, 'మెజర్' అన్న ఇంగ్లిష్ మాట మధ్యలో వినిపించేది. అది మాత్రం సాధన చేయాలి.

కష్టమంతా విభక్తుల్లో ఉంది. మొత్తం ఏడు. సంబోధనకీ వేరే రూపం ఉంది. విభక్తి అన్న ఆలోచన మనకి కొత్త కాదు కాబట్టి సగం దారి వచ్చినట్టే. కానీ మనకి 'కి', 'తో', 'లో' ఏ పదానికైనా దాదాపు ఒకేలా అతుక్కుంటాయి. వాళ్లకి పదం లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి చివర మారిపోతుంది, ముందున్న విశేషణమూ దానితోపాటే మారుతుంది. కాఫీ దగ్గరే చూడండి. హోటల్ బోర్డు మీద 'కావా' అని ఉంటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 'యెద్ను కావు, మోలిమ్' అనాలి. రెండు కావాలంటే 'ద్వియె కావె'. ఐదు కావాలంటే 'పెత్ కావా'. రెండు, మూడు, నాలుగుకి ఒక రూపం, ఐదు నుంచి ఇంకో రూపం. నియమాలు బట్టీ పట్టి ఇది రాదు. రోజూ కాఫీ కొట్టులో నిలబడి అడిగితే వారాల్లో వస్తుంది. తప్పు రూపం వాడినా కాఫీ ఇస్తారు, కాబట్టి తప్పుగానైనా అడగండి.

దాదాపు ప్రతి క్రియకీ రెండు రూపాలు ఉండటం అందరూ భయపెట్టే మరో విషయం. పని జరుగుతూ ఉండటానికి 'పిసాతి', పని పూర్తవడానికి 'నాపిసాతి'. ఇంగ్లిష్ ద్వారా చదివితే తల తిరుగుతుంది. 'ఉత్తరం రాశాను', 'ఉత్తరం రాసేశాను' అనే రెండు వాక్యాల మధ్య తేడా తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నిచోట్లా అచ్చంగా సరిపోదు గానీ, మొదటి ఆరు నెలలూ ఆ ఆధారం చాలు.

పుస్తకంలో నేర్చుకున్నది వీధిలో వినిపించకపోతే కంగారు పడొద్దు. పాలను పుస్తకం 'మ్లియెకొ' అంటుంది, తీరంలోని స్ప్లిత్ నగరం వైపు 'మ్లికొ' అంటారు. 'ఏమిటి' అనడానికి ప్రామాణిక భాషలో 'ష్తొ', రాజధాని జాగ్రెబ్ చుట్టుపక్కల 'కాయ్', ద్వీపాల్లో 'చా'. ఈ మూడు మాటల నుంచే మూడు మాండలికాలకి పేర్లు వచ్చాయి. మీరు పుస్తకంలోదే మాట్లాడండి, చెవికి మాత్రం ఊరి యాసను అలవాటు చేయండి.

సెర్బియన్‌ని విడిగా నేర్చుకోవాలా?

"సెర్బియన్ పాఠాలు దొరికాయి, రెండూ ఒకటేగా, అవే చదవనా?" అంటే నా జవాబు వద్దనే. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమవుతుంది, నిజమే. కానీ రొట్టెను ఒకరు 'క్రుహ్' అంటే ఇంకొకరు 'హ్లెబ్' అంటారు. రైలు ఒకచోట 'వ్లాక్', ఇంకోచోట 'వోజ్'. 'నేను వెళ్లాలి' అనడానికి క్రొయేషియన్ 'మోరామ్ ఇచి' అంటుంది, సెర్బియన్‌లో 'మోరామ్ ద ఇదెమ్' అనడం ఎక్కువ. నెలల పేర్లు అసలు కలవవు. క్రొయేషియన్‌లో జనవరి 'సియెచాన్య్', సెర్బియన్‌లో 'యానువార్'. పరదేశి ఈ తేడాలు కలగాపులగం చేస్తే చాలామంది నవ్వి ఊరుకుంటారు. కానీ 1991 నుంచి 1995 వరకు యుద్ధం చూసిన దేశమది. అక్కడ పదాల ఎంపిక వెనక చాలామందికి సొంత బాధ ఉంది. ఒక భాష పుస్తకాలు పట్టుకుని ఇంకో భాష దేశానికి వెళ్లడం మంచిది కాదు.

తూర్పు సరిహద్దు పట్టణం వుకొవార్ సంగతి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2002లో వచ్చిన అల్పసంఖ్యాకుల హక్కుల రాజ్యాంగ చట్టం ప్రకారం ఒక ఊళ్లో ఒక వర్గం జనాభా కనీసం మూడో వంతు ఉంటే వాళ్ల భాషకీ లిపికీ అధికార వ్యవహారంలో సమాన హోదా ఇవ్వాలి. 2011 లెక్కల్లో వుకొవార్‌లో సెర్బులు దాదాపు 35 శాతం. 2013లో ప్రభుత్వ కార్యాలయాల మీద సెర్బియన్ రాసే సిరిలిక్ లిపి అక్షరాలు కూడా ఉన్న బోర్డులు పెట్టారు. 1991 ముట్టడిలో నాశనమైన ఊరు అది. ఆ గాయం మానని వాళ్లలో కొందరు సుత్తులతో బోర్డులు పగలగొట్టారు. ఆ మూడో వంతు పరిమితిని సగానికి పెంచాలని కొందరు రెఫరెండం కోరితే 2014లో రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. 2021 లెక్కలకి సెర్బుల వాటా 30 శాతం కంటే తగ్గింది. ఇంకో అంకె నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. దేశంలో సెర్బులమని రాయించుకున్నవాళ్లు 3.2 శాతం, మాతృభాష సెర్బియన్ అని రాయించుకున్నవాళ్లు 1.2 శాతం లోపే. జాతి గుర్తింపూ భాష పేరూ విడివిడిగా నడుస్తున్నాయన్నమాట.

అందుకే నా సలహా ఇది. మాట్లాడటానికి క్రొయేషియన్ నేర్చుకోండి, చదవడానికి సిరిలిక్ లిపి నేర్చుకోండి. సెర్బియన్ సిరిలిక్‌లోనూ 30 అక్షరాలే, క్రొయేషియన్ లాటిన్ అక్షరాలకి ఒకదానికొకటి సరిగ్గా సరిపోతాయి. కొద్దిరోజుల పని. మీకు ఉద్యోగం వుకొవార్ దగ్గర సెర్బులు ఎక్కువగా ఉండే బొరొవొ, త్ర్పిన్యా, నెగొస్లావ్‌త్సి వైపు వస్తే అక్కడి బోర్డులు చదవగలుగుతారు, పక్కింటి పెద్దావిడ మీకిచ్చిన శుభాకాంక్షల కార్డు ఆమె రాసిన లిపిలోనే చదవగలుగుతారు.

ఇస్ట్రియాలో ఇటాలియన్: రెండో భాషగా నా మొదటి ఓటు

దేశానికి వాయవ్యాన ఉన్న ఇస్ట్రియా ద్వీపకల్పంలోని పూలా, రొవిన్య్, పొరెచ్ లాంటి ఊళ్లకి హోటల్ ఉద్యోగాల మీద వెళ్తుంటే ఇటాలియన్ మీద టైమ్ పెట్టండి. ఇస్ట్రియాలో బస్సు దిగగానే తేడా తెలుస్తుంది. ఊరి పేరు బోర్డు మీద రెండు భాషల్లో ఉంటుంది. పూలా కింద పోలా, రొవిన్య్ కింద రొవీన్యో. వీధి మొదట్లో రాతిగోడకి కొట్టిన పలక మీద 'ఉలిత్సా' అని, దాని కిందే 'వియా' అని. మున్సిపల్ ఆఫీసు బోర్డు, బడి పేరు, అన్నీ అలాగే.

ఇది టూరిస్టుల కోసం చేసిన అలంకారం కాదు. పడమటి తీరం 1797 దాకా వెనిస్ పాలనలో ఉంది, తర్వాత ఆస్ట్రియా, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ, 1947 ఒప్పందంతో యుగోస్లావియా. ఇటలీ ఫాసిస్టు పాలనలో క్రొయేషియన్ బడులు మూయించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటాలియన్లు పెద్దసంఖ్యలో ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. ఇన్నిసార్లు ఒక భాష ఇంకొక భాషని తొక్కిన చోట ఇప్పుడు రెండు పేర్లూ ఒకే పలక మీద ఉన్నాయంటే, దాని వెనక ఎందరో పట్టుదలగా పనిచేశారు. జిల్లా మొత్తం మీద ఇటాలియన్లు ఇప్పుడు 5 శాతం చుట్టూ ఉంటారు. చాలా ఊళ్లలో మూడో వంతు లేరు. అయినా ఊరి సభలు తమ శాసనాల ద్వారా రెండు భాషల హక్కు ఇచ్చుకున్నాయి. నాకు ఇస్ట్రియా మీద గౌరవం అందుకే. కొండమీది చిన్న ఊరు గ్రోజ్‌న్యాన్‌లో 2011లో దాదాపు 40 శాతం మంది ఇటాలియన్లే.

ఉపయోగం లెక్క చూసినా ఇటాలియన్‌దే పైచేయి. పాఠాలు, పుస్తకాలు, సినిమాలు ఎన్నైనా దొరుకుతాయి. ఇస్ట్రియా పక్కనున్న రేవు నగరం రియెకా నుంచి 'లా వోచె దెల్ పోపొలొ' అనే ఇటాలియన్ దినపత్రిక వస్తుంది. అదే ఊరి జాతీయ నాటకశాలలో ఇటాలియన్ నాటక బృందం 1946 నుంచి ఉంది. వేసవిలో ఇటలీ నుంచి వచ్చే అతిథులకి వాళ్ల భాషలో జవాబిచ్చే రిసెప్షనిస్టుకి హోటల్లో విలువ వేరు. రేపు ఇటలీ వైపు ఉద్యోగం చూసుకున్నా ఈ భాష వృథా పోదు. అయితే రొవిన్య్ ముసలివాళ్లు ఇళ్లలో మాట్లాడుకునేది పుస్తకాల ఇటాలియన్ కాదు, వెనిస్ వైపు యాస. మీ ఇటాలియన్ వాళ్లకి పూర్తిగా అర్థమవుతుంది, వాళ్లది మీకు మొదట్లో సగమే అర్థమవుతుంది.

ఇటాలియన్ ఒక్కటే నేర్చుకుని ఇస్ట్రియాలో బతకొచ్చా అంటే, అది సరిపోదు. యజమాని ఇచ్చే కాగితాలు క్రొయేషియన్‌లో ఉంటాయి, నివాస పరీక్షా క్రొయేషియన్‌లోనే.

బరన్యా, దారువార్ వైపు

ఓసియెక్ దాటి ద్రావా నదికి అవతల, హంగేరీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న బరన్యాలో క్నెజెవి వినొగ్రాది, కొపాచెవొ లాంటి ఊళ్లలో హంగేరియన్ ఇంకా ఇంటి భాష. 2021లో దేశం మొత్తం మీద హంగేరియన్లు పదివేల పైచిలుకే. ఉద్యోగం కోసం ఈ భాష నేర్చుకోమని చెప్పలేను. కానీ తెలుగువాడు చూసి ముచ్చటపడే భాష ఇది. లింగభేదం లేదు. పదం చివర ప్రత్యయాలు వరసగా అతుక్కుంటాయి. 'హాజ్' అంటే ఇల్లు, 'హాజ్‌బాన్' అంటే ఇంట్లో. తోటలో అనాలంటే 'కెర్త్‌బెన్'. అచ్చుని బట్టి 'బాన్' కాస్తా 'బెన్' అయింది, మనం 'కుక్కకు' అని, 'పిల్లికి' అని అచ్చుని బట్టి మార్చినట్టే. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత రాసే అలవాటూ వాళ్లకుంది. వ్యాకరణం దగ్గరగా ఉన్నా పదాలు మాత్రం ఒక్కటీ పరిచయం లేనివి, మొదటి ఏడాది నిఘంటువు పక్కనే ఉండాలి. బరన్యాలో ద్రాక్షతోటల్లోనో పొలాల్లోనో పనిచేసేవాళ్లు పలకరింపులూ అంకెలూ నేర్చుకుంటే చాలు.

జాగ్రెబ్‌కి తూర్పున దారువార్, కొంచానిత్సా చుట్టూ చెక్‌లు ఉన్నారు. 18వ శతాబ్దం చివరి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్ల వారపత్రిక 'యెద్నోతా' 1946 నుంచి దారువార్‌లో వెలువడుతోంది. చెక్ బడులున్నాయి, కోతల పండగ ఉంది. క్రొయేషియన్ బాగా వచ్చాక చెక్ సగం తెలిసిన భాషలానే ఉంటుంది. తర్వాత ప్రాగ్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే దారువార్‌లో ఉన్నప్పుడే మొదలుపెట్టడం తెలివైన పని. స్లోవాక్‌లు నాషిత్సె, ఈలొక్ వైపు, రూసిన్‌లు వుకొవార్ దగ్గర పెత్రొవ్‌త్సి, మిక్లుషెవ్‌త్సి గ్రామాల్లో ఉన్నారు.

రోమానీ: మనకి దూరపు చుట్టం

ఈ జాబితాలో మన దేశానికి నిజమైన సంబంధం ఉన్న భాష రోమానీ. వెయ్యేళ్ల క్రితం భారత్ నుంచి వలస వెళ్లిన రోమా జనం భాష. యెఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్ అని లెక్కపెడతారు. నీళ్లు 'పాని', దంతం 'దంద్', మనిషి 'మనుష్'. తెలంగాణలో పెరిగినవాళ్లకి వీటికి అర్థం చెప్పక్కర్లేదు. నవంబర్ 5న జరిగే ప్రపంచ రోమానీ భాషా దినోత్సవానికి మొదలు క్రొయేషియాలోనే పడింది, 2015లో యునెస్కో దాన్ని గుర్తించింది.

అయితే ఒక జాగ్రత్త. ఉత్తరాన మెజిముర్యేలో ఉండే రోమాల్లో ఎక్కువమంది మాట్లాడేది రోమానీ కాదు, బయాష్ అనే రుమేనియన్ మాండలికం. హిందీ వచ్చు కదా అని అక్కడికి వెళ్లి మాట కలిపితే కుదరదు. నేర్చుకోవాలనుకుంటే ముందు ఆ ఊళ్లో ఏది మాట్లాడతారో కనుక్కోండి. అన్నిటికంటే తక్కువ గౌరవం దక్కిన భాషలు ఇవి. పని చేసే చోట రోమా సహోద్యోగి ఉంటే, వాళ్ల భాషలో అంకెలు అడిగి తెలుసుకోండి. ఐదు దాకా విన్నాక ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చాలా దొరుకుతుంది.

భాష కోసమే భాష నేర్చుకునేవాళ్లకి ఇస్ట్రియాలో ఇంకో రెండున్నాయి. ఒకటి జెయానె, షుష్‌న్యెవిత్సా గ్రామాల ఇస్ట్రో రుమేనియన్. రెండోది రొవిన్య్, వొద్‌న్యాన్ చుట్టూ ఉన్న ఇస్ట్రియోత్. రెండిటికీ మిగిలింది కొన్ని వందల మందే. ఆ ఊళ్లలో కొన్నాళ్లు ఉండి, పెద్దవాళ్ల పక్కన కూర్చునే ఓపిక ఉంటేనే వీటి జోలికి వెళ్లండి.

పిల్లల్ని ఏ బడిలో వేయాలి?

కుటుంబంతో వెళ్లేవాళ్లకి అసలు ఎంపిక ఇక్కడుంది. అల్పసంఖ్యాకుల భాషల్లో చదువుకి ఎ, బి, సి అనే మూడు పద్ధతులున్నాయి. 'ఎ' పద్ధతిలో పాఠాలన్నీ ఆ భాషలోనే, క్రొయేషియన్ తప్పనిసరి సబ్జెక్టు. బి పద్ధతిలో సైన్సు, లెక్కలు క్రొయేషియన్‌లో, చరిత్ర, సాహిత్యం లాంటివి ఆ భాషలో. సి పద్ధతిలో చదువంతా క్రొయేషియన్‌లో నడుస్తుంది, వారానికి రెండు నుంచి ఐదు గంటలు ఆ భాషా సంస్కృతీ నేర్పుతారు.

తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలకి నేనైతే ఎక్కడున్నా క్రొయేషియన్ బడికే ఓటేస్తాను. తెలుగు, క్రొయేషియన్, ఇంగ్లిష్ మూడూ ఒకేసారి మోస్తున్న పిల్లల మీద నాలుగోదాన్ని మొదటి ఏడాదే పెట్టొద్దు. ఇస్ట్రియాలో పదేళ్లు ఉండాలని గట్టిగా అనుకునేవాళ్లు, పిల్లలు ఇంకా అంగన్‌వాడీ వయసులోనే ఉంటే, ఇటాలియన్ బడి ఆలోచించొచ్చు.

భాష రాదన్న కారణం చూపి పిల్లల్ని విడిగా కూర్చోబెడితే ఊరుకోవద్దు. మెజిముర్యే గ్రామాల్లో క్రొయేషియన్ సరిగా రాదంటూ రోమా పిల్లల్ని వేరే తరగతుల్లో పెట్టారు. వాళ్లలో కొందరు ఒర్షుష్ కేసుగా యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 2010 మార్చిలో అది వివక్షే అని తీర్పు వచ్చింది. భాష నేర్పడానికి అదనపు పాఠాలు పెట్టడం సాయం, మిగతా పిల్లల నుంచి ఏళ్ల తరబడి విడదీయడం సాయం కాదు. బడిలో అదనపు క్రొయేషియన్ పాఠాలు అడగండి, తరగతి మాత్రం అందరితో కలిపే ఉండాలని చెప్పండి.

ఇక పాఠాలెక్కడ అంటే, జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలోని క్రొయాతికుమ్ విదేశీయులకి క్రొయేషియన్ నేర్పే పాత సంస్థ. ఇక్కడినుంచే మొదలుపెట్టాలంటే హెచ్‌ఆర్4ఈయూ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఉంది. వేరే యాప్ గానీ పుస్తకం గానీ కొనేముందు మొదటి రెండు పాఠాలు తిప్పి చూడండి. పాలకి 'మ్లియెకొ', రొట్టెకి 'క్రుహ్', జనవరికి 'సియెచాన్య్' అని ఉంటే అది మీకు కావాల్సిందే. 'మ్లెకొ', 'హ్లెబ్', 'యానువార్' అని ఉంటే అది బెల్‌గ్రేడ్ వెళ్లేవాళ్ల పుస్తకం, పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.